పది గ్రాముల పోగు

సండర్లాండ్‌లో, బస్టాండు వెనక క్లినిక్కులో
పాదాలు చూడడం నా ఉద్యోగం.

చేతిలో ఒక నైలాన్ పోగు.
చర్మానికి ఆనించి, అది వంగేదాకా నొక్కితే
సరిగ్గా పది గ్రాముల బరువు.
కళ్ళు మూసుకోండి, అంటాను.
తగిలినప్పుడల్లా ఊఁ అనండి.

నార్మన్ హెదరింగ్టన్ కళ్ళు మూసుకున్నాడు.
ఓడల యార్డులో వెల్డింగు చేసినవాడు.
ఒక్క నిప్పురవ్వ బూటులో పడితే గంతులేసిన కాలే ఇది.
బొటనవేలు. మౌనం.
వేళ్ళ కింది మెత్త. మౌనం.
మడమ దగ్గర మాత్రం
ఎక్కడో పక్కవీధిలోంచి వచ్చినట్టు, ఊఁ.
మేజోడు తిరగేస్తే ఒక గుండీ రాలింది.
మనవరాలి కోటుదట.
మూడు రోజులుగా దానిమీదే నడిచాడు.

మొదట్లో అరికాళ్ళు భగ్గుమనేవి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు.
తర్వాత మంటలు వాటంతటవే తగ్గాయి.
తగ్గాయని సంతోషించాడు.

చెప్పు కరిచింది అంటాం మనం.
కరవడం కూడా పలకరింపేనని
నాకు ఈ ఊళ్ళోనే తెలిసింది.

పదకొండింటికి ఐలా. పంతొమ్మిదేళ్ళు.
ఆరో ఏట, ఒంటిని కాయాల్సిన కణాలే
ఇన్సులిన్ తయారయ్యే చోటుని పగవాడి కోట అనుకున్నాయి.
బస్సులో ఎవరో అడిగారట,
చిన్నప్పుడు చాక్లెట్లు తెగ తినేదానివా, అని.
నవ్వుతూ చెప్పింది.
నవ్వుతూనే చేతిమీది సెన్సారు మీదికి స్లీవు లాక్కుంది.

హోటల్లో వంట చేసే దాలినాయుడు
తలుపు తీస్తూనే తెలుగులో మొదలుపెడతాడు:
"కొంచెం షుగరండి, అంతే."
కొంచెం నెల తప్పడం ఉంటుందా నాయుడుగారూ?
పగలబడి నవ్వుతాడు, బూటు మాత్రం విప్పడు.
ఆయన ఒంట్లో ఇన్సులిన్ ఉంది,
గడపలో నిలబడి పిలుస్తోంది.
లోపల కణాలకి చెవుడు.
పిలిచి పిలిచి దాని గొంతు కూడా పోతోంది.
ఇల్లు చేరని తీపి నెత్తుటి వీధుల్లో తిరుగుతూ
సన్నసందుల్ని ముందు పాడుచేస్తుంది:
కంటి వెనక తెర, మూత్రపిండాల జల్లెడ,
కాలి చివర నరం.
చప్పుడు చెయ్యదు. అదీ దాని మర్యాద.

కౌంటరు దగ్గర రుక్సానాకి
కడుపుతో ఉండగా వచ్చింది, కానుపుతో పోయింది.
పోయిందే గాని, ఇంటి గుర్తులు చూసుకుని మరీ పోయింది.
ఏడాదికోసారి నెత్తురు చూపించుకోవాలి.
పిల్లాడి టీకాల తేదీలన్నీ నోటికొచ్చిన మనిషి
తన తేదీ దగ్గర తడుముకుంటుంది.

నార్మన్ వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు.
కట్టు కట్టిన కాలికి క్లినిక్కు ఇచ్చిన పెద్ద చెప్పు.
నేలమీద అద్దం పెట్టుకుని
రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోమన్నాను.
"ఆ పని ఐరీన్ చేసేది," అన్నాడు.
గుండీని మడత నోటులో చుట్టి
పర్సులో పెట్టుకున్నాడు.

నాలుగింటికే చీకటి. సముద్రపు గాలి.
గదికి వచ్చి బూట్లు విప్పి
వంటింటి చల్లటి నేలమీద అడుగేశాను.
రోకర్ బీచి ఇసుకరేణువు ఒకటి
ఎన్నాళ్ళ కిందటిదో, చురుక్కుమంది.

ఎవరూ అడగలేదు.
అయినా ఊఁ అన్నాను.