నీవా, ఐదు వాయిద్యాలకు

స్టేషన్ వెనక జిరాక్స్ షాపు మేడ మీద
ఐదు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కూలర్.
కూలర్ కట్టేయమనింది మంజువాణి మేడమ్.
ఆమె రాసిన దాంట్లో
చెమట కారేది కూడా వినపడాలంట.

నేను క్లారినెట్టు.
చిత్తూరు పెళ్ళిళ్ళ బ్యాండులో ఇరవై రెండేండ్లు.
రీడు నోట్లో పెట్టుకుంటే చాలు,
ఊరేగింపు దానంతటదే కదిలేది.
ఇక్కడ మొదటి పేజీ పొడుగునా
స్వరం వద్దు, ఊపిరి మాత్రమే అని రాసిపెట్టింది.
"మోగకుండా ఊదు, నాగభూషణం."
మోగకుండా ఊదమని
ఇంతవరకూ నన్నెవరూ పిలిచింది లేదు.

వయొలిన్ దమయంతి. హార్మోనీ మస్తాన్.
వేలూరు నుంచి చెల్లోకి కూడా టికెట్టు కొట్టించుకుని
బస్సులో వచ్చే పిల్లోడు జెబరాజ్.
తాళం లేదు, ఎవరి గడియారం వాళ్ళదే అనేసరికి
ఘటం గంగులప్ప మూడు దినాలు మూతి ముడుచుకున్నాడు.
నాలుగో దినం
ఎవరూ అడక్కుండానే ఘటంలో పిడికెడు ఇసక పోసి
అటూ ఇటూ వంచినాడు.
గరగర.
"అదే," అనింది ఆమె. "అదే నీవా."

నీవా మా ఏరు.
బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని దాటతామే, అది.
వరదొచ్చిన యేడు మా బ్యాండు డ్రమ్ములు రెండు పట్టుకపోయి
ఇంకా తిరిగియ్యలేదు.
ఆ పేరు ఒక ప్రశ్న అని
యాభై యేండ్లకు గానీ నా చెవిన పడలేదు.
నీవా?
చెల్లో అడుగు తీగ మీద సాగదీసి అడగతాది.
మస్తాన్ తిత్తి తెరిచి, ఏ మెట్టూ నొక్కడు.

కచ్చేరీకి నలభై మంది,
సగం మంది కాఫీ కోసం.
పదిహేడు లెక్కల మౌనం వచ్చింది.
ఒకటి. రెండు.
కాట్పాడి పాసింజరు ఆ పొద్దు ఎందుకో రాలేదు.
తొమ్మిది.
వెనక వరసలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాచ్‌మెన్
పక్కాయన్ని మెల్లగా అడిగినాడు:
"అయిపాయనా?"
ఎవరూ నవ్వలేదు.
పదిహేడుకి విల్లు ఎత్తాల్సిన జెబరాజ్
పద్నాలుగుకే ఎత్తేసినాడు,
ఆ గొంతు యాడ ఆగిందో ఆడే పట్టుకుని.
మరుదినం మా కాగితాల్లో
పదిహేడు కొట్టేసి
పెన్సిల్‌తో పద్నాలుగు వేసింది మేడమ్.

మొన్న గుడిపాలలో పెండ్లి.
ఊరేగింపు మలుపు తిరిగే చోట, పాట నడిమధ్యలో,
ఒక్క ఊపిరి మోగకుండా ఊదినా.
డ్రమ్మాయన తిరిగి చూసినాడు.
గుర్రం ఆగి చెవులు నిక్కబెట్టింది.
"ఏమబ్బా, గాలి పోయిందా?"
అని పెండ్లికొడుకు చిన్నాయన.

కూలిలో నూరు పట్టుకున్నారు.