పుదుపేటలో రెండంగుళాలు

కుముదవల్లి డాక్టరమ్మ జిప్సీ
మా షెడ్డు ముందు ఆగేసరికే
నిలబడటంలో తేడా కనిపించింది నాకు.
ముక్కు పైకి, చూపు పక్కకి,
అలిగిన మేనత్తలా.

"జవ్వాదు కొండల్లో రాళ్ళు అడుగుకి తగులుతున్నాయని
రెండంగుళాలు లేపించాను మస్తానయ్యా,
ఇప్పుడు ఎడమకి లాగుతోంది.
గుంతలో పడిందా, స్టీరింగుకి చలిజ్వరమే.
ఈనలేని ఆవుల్ని పట్టి నిలబెట్టిన చేతులివి,
వీటికే పట్టు చిక్కడం లేదు" అంది
సగం అరవంలో,
సగం మాకోసం కూడబలుక్కున్న తెలుగులో.

లేపినవాడు టైర్లు మార్చమన్నాడట, మార్చింది.
బ్యాలెన్సింగు అన్నాడట, అదీ అయింది.
పదకొండు వేలు పోయాయి
వణుకు పోలేదు.

మా మేస్త్రి ఏమీ అనలేదు.
నాయుడుపేటలో లారీ ఎక్కి
టూల్‌బాక్సు మీద కూర్చుని పట్నం వచ్చిన మనిషి.
కంప్యూటర్ అలైన్‌మెంటంటే ఇప్పటికీ
"అద్దంరా అది, చూపిస్తుంది, ముఖం కడగదు" అంటాడు.

గోనెపట్టా పరిచి ఇద్దరం కిందికి దూరాం.
కొత్త షాకిళ్ళు నిగనిగలాడుతున్నాయి.
బండి లేచిన మాట నిజమే,
లేస్తూ లేస్తూ ఇరుసుని ముందుకి వంచేసింది.
"కింగ్‌పిన్ను తల కాస్త వెనక్కి వాలాలి,
అప్పుడే చక్రం తన దారి తాను వెతుక్కుంటుంది.
సైకిలు ముందు ఫోర్కు చూడలేదూ?"

నాకు సైకిలు అక్కర్లేదు.
తొమ్మిదో ఏట స్టాన్లీ ఆసుపత్రిలో
నా కుడి చెప్పుకి అంగుళంన్నర అట్ట కట్టారు.
కాళ్ళు రెండూ సమానమయ్యాయని
అమ్మ రాయపురం మార్కెట్టు దాకా నడిపించింది సంబరంగా.
ఆ రాత్రి నడుం పీకింది. మర్నాడు మెడ.
పొట్టి కాలితో సర్దుకుని బతికిన ఎముకలన్నీ
ఒక్కొక్కటే లేచి
మమ్మల్ని అడిగావా అన్నాయి.

యూబోల్టులు విప్పి
కమాను కట్టకీ ఇరుసుకీ మధ్య
నాలుగు డిగ్రీల వాలు బిళ్ళలు జొనిపాం,
మందం అంచు ముందుకి.
ఎడమది నేను తిరగేసి పెట్టాను తొందరలో.
మేస్త్రి స్పానరుతో మోకాలి మీద తట్టాడు.
పొట్టి కాలి మీద కాదు,
ఎప్పుడూ రెండోదాని మీదే.

తర్వాత దారం.
పూలమ్మే కన్నికమ్మని అడిగి తెచ్చిన నూలుదారం,
ఇంకా మల్లెవాసన వదలనిది,
వెనక టైరు నుంచి ముందు టైరు దాకా లాగి కట్టాం.
టైర్లకి ముందొక సుద్దగీత, వెనకొక సుద్దగీత,
టేపుకి అటు నేను, ఇటు ఆయన.
ముందు రెండు మిల్లీమీటర్లు తక్కువ రావాలి.
తొమ్మిది ఎక్కువొచ్చింది.
టైరాడ్డు పావు తిప్పు. కొలువు.
ఇంకో పావు. కొలువు.
కూవం మీంచి గాలి వచ్చినప్పుడల్లా
ఊపిరి బిగబట్టి ఆగాం,
దారం కదులుతుందని కొంత, మిగతాది మీకు తెలుసు.

డ్రాగ్‌లింకు సర్దాక స్టీరింగు నడిమికొచ్చింది.
అయినా కుడి చక్రం
ఎడమదానికన్నా ఆరు మిల్లీమీటర్లు వెనకే ఉంది.
"సైన్యం వేలంలో కొన్నది కదూ,
ఎక్కడ గుద్దుకుందో, చాసిస్సే అంత.
దాని జోలికి పోకు. లెక్కలో వేసుకో, చాలు."

తెల్లారుజామున మెరీనా రోడ్డు.
"చేతులు తియ్యండమ్మా" అన్నాడు మేస్త్రి వెనక సీట్లోంచి.
తీసింది, వేడి గిన్నె వదిలినట్టు.
జిప్సీ తన పాటికి తాను పోయింది,
లైట్‌హౌస్ దగ్గరి గుంతలో దబ్బున పడి లేచి
ఏమీ జరగనట్టు.

ఆమె నవ్వుతుందనుకున్నాను.
కిందికి, నా కాళ్ళకేసి చూస్తోంది.
"ఆ అట్ట బయటి అంచు అరిగిపోయింది,
ఎన్నేళ్ళయింది మార్చి?"
పశువుల డాక్టరమ్మ, గిట్టలు చూసే అలవాటు.
వెనకనుంచి మేస్త్రి దగ్గు.

రెండొందల కిలోమీటర్లు తిరిగాక
యూబోల్టులు మళ్ళీ బిగించాలి,
మర్చిపోకుండా తీసుకురండి, అన్నాను.