గురి

బాంగా ఊళ్లో రోడ్డు పక్కన నాకో వీడియో క్లబ్ ఉండేది.
క్లబ్ అంటే పెద్ద మాట.
లైబీరియా ఎండకి పగిలిన రేకుల కప్పు, ఆరు బల్లలు,
ఒక టీవీ, దాని వెనక
ఉబ్బసం మనిషిలా దగ్గే జెనరేటరు.
మయొనీజ్ సీసాల్లో పెట్రోలు కొనేవాణ్ణి.
సీసా ఖాళీ అయ్యేలోగా విలన్ చావాలి,
లేకపోతే కుర్రాళ్లు బల్లలు విరగ్గొట్టేవాళ్లు.

టికెట్టు ఐదు డాలర్లు.
ఫ్లోమో దగ్గర ఎప్పుడూ మూడే.
"మిగతాది రేపిస్తా, ముసలాయనా" అని
అందరికంటే ముందు నేల మీద కూర్చునేవాడు,
తెర వెలుగు వాడి మోకాళ్లని నీలంగా తడిపేంత దగ్గర.

ఆ సినిమాల్లో తుపాకికి బరువుండదు.
ఒంటిచేత్తో, నడుం దగ్గర, పక్కకి తిప్పి,
చూపెటో తూటా ఎటో,
అయినా అవతల పన్నెండుమంది పడతారు.
తూటాలు అయిపోవడం నేనెన్నడూ చూడలేదు.
మంగళవారం చచ్చినవాడు
శుక్రవారం ఇంకో సినిమాలో మీసంతో వచ్చేవాడు.
"చూశావా, వీడు బతికే ఉన్నాడు!"
ఫ్లోమో చప్పట్లు కొట్టేవాడు.
నేను నవ్వాను.
చెప్పాల్సింది ఒక్క మాట. నవ్వాను.

యుద్ధం వచ్చేనాటికి వాడికి పద్నాలుగో, పదిహేనో.
అడ్డంగా తాడు కట్టిన చెక్‌పోస్టు దగ్గర కనిపించాడు,
చీకట్లో నల్ల కళ్లద్దాలతో.
తుపాకిని భుజానికి ఆనించేవాడు కాదు.
ఆనించేవాడు సినిమాలో పోలీసు,
మొదటి పావుగంటలోనే పోతాడు.
ఊరికే బోల్టు లాగి వదిలేవాడు,
ఆ చప్పుడు కోసం.
లాగినప్పుడల్లా మంచి తూటా ఒకటి
ఎర్రమట్టిలోకి జారిపడేది.
చిన్నపిల్లలు ఏరి, ఊది, వాడికే ఇచ్చేవాళ్లు.

ఒక సాయంత్రం జెనరేటరు కోసం వచ్చారు.
ఇవ్వనన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
ఫ్లోమో కాళ్లు ఎడంగా పెట్టాడు,
పెదవి ఓ పక్కకి వంచాడు.
ఆ వంపు నాకు తెలుసు,
ఎనిమిదో నంబరు క్యాసెట్టులోది.
తుపాకి పక్కకి తిప్పి, నన్ను చూడకుండా,
నా వెనకెక్కడో కెమెరా ఉన్నట్టు నిలబడి
నొక్కాడు.

పైకి లేవాల్సిన మూతి
పక్కకి కొట్టుకుపోయింది, గడ్డికోసే కొడవలిలా.
వేడి తొడుగొకటి ఎగిరి వాడి మెడ మీదే పడింది.
నాకేం తగల్లేదు.

రోడ్డవతల ముసలి కెబ్బె
నారింజ చెక్కు తీస్తోంది,
తెల్లపొర చెదరకుండా, చుట్టూ తిప్పుతూ, తెగని తీగలా.
ఒక్కరోజూ మా క్లబ్బు గడప తొక్కలేదు ఆమె.
ఆ శబ్దాలంటే తలనొప్పి అనేది.

ఫ్లోమో కళ్లద్దాలు తీసి చాలాసేపు నిలబడ్డాడు,
ఆమె లేస్తుందేమోనని.
శుక్రవారం వచ్చింది, పోయింది.

నీ సినిమాల వల్లే కదా, అంటారు.
యుద్ధం క్యాసెట్టులో రాలేదు,
చెక్కపెట్టెల్లో, లారీల మీద వచ్చింది,
ఎవరు పంపారో వాళ్లనడగండి, అంటాను.
రాత్రి పడుకున్నాక మాత్రం
ఆ మణికట్టు తిప్పుడు గుర్తొస్తుంది.
అది నా టీవీలోదే.
చంపడం వాడికెవరు నేర్పారో నాకు తెలీదు.
గురి తప్పడం నేను నేర్పాను.
అందుకే ఉన్నాను.
అందుకే ఆవిడ లేదు.

ఇప్పుడు ఫుట్‌బాల్ ఒక్కటే వేస్తాను.

మొన్న వానల్లో ఒక బైకు టాక్సీ ఆగింది.
నడిపేవాడి మెడ మీద
చిక్కుడుగింజంత మచ్చ.
బండి దిగలేదు. ఇంజను ఆపలేదు.
"రెండు డాలర్లు బాకీ ఉన్నాను" అన్నాడు,
తడిసిన ఐదు నోటు చాపి.

నోటు తీసుకున్నాను.
చిల్లర కోసం ఒక జేబు వెతికాను,
ఇంకో జేబు వెతికాను,
మళ్లీ మొదటి జేబు.
వాడు వానలో అలాగే ఉన్నాడు,
రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి,
నేను చూసేలా.