మూడో టేకు

కల్వకుర్తిల ఎరువుల దుకాణం మీద నా స్టూడియో.
గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి మా అవ్వ కుట్టిన బొంత.
మెట్లెక్కుతుంటే యూరియా వాసన,
తలుపు మూస్తే నిన్నటి చాయ్ వాసన.

ఈదమ్మ చెవులకు హెడ్‌ఫోన్ పెడితే
"ఏందిరా, బాయిల తల పెట్టినట్టుంది" అన్నది.
క్లిక్ ట్రాక్ వేసిన. టిక్కు, టిక్కు, టిక్కు.
మొదటి టేకు పోయింది.
రెండోది గూడ.
పల్లవి దాటినంక ఆమె ఆగుతది,
టిక్కు ఆగదు.

"నిలబడి పాడుమంటే ఎట్ల బిడ్డా,
నడుము వంచంది నాకు చరణం యాదికి రాదు."

మైకు పీకి నేల మీద పెట్టిన.
కొంగు నడుముకు చెక్కి వంగింది.
చేతికి నారు లేదు, నల్లటి కేబులున్నది,
దాన్నే పట్టుకొని
నాలుగు కుదుళ్లు నాటి, ఓ అడుగు వెనక్కి...

అగో, అప్పుడు సమజైంది
ఆ ఆగుడు ఎంతనో:
బురదల నుంచి కాలు పీకేంత.

ఆ ఆగుడును నేనే కోసిన.
మౌసు తోటి, రెండు నిమిషాల పని.
లాప్‌టాప్‌ల దొరికిన డప్పు అతికించిన.
మేస్త్రి పద్దుల కూలి తప్పిన చరణం తీసేసి
బావ తెచ్చే పట్టగొలుసులు పెట్టిన.
నిర్మాత అడిగిండు, నేను ఎదురు చెప్పలే,
కిరాయి రెండు నెలలది బాకీ ఉన్నది.
కోయని ఫైలు ఒకటి దాచిపెట్టిన.
దాన్ల, కింద దుకాణంల బస్తా దించిన సప్పుడు గూడ ఉన్నది.

పాట నలభై లక్షలు దాటింది.
నర్వ కాడ రాత్రిపూట జేసీబీ నడిపే కుర్మూర్తి
ఫోన్ చేసిండు ఒకనాడు:
"అన్నా, నిద్రొస్తే గదే పెట్టుకుంట.
ఎవరో నా ముందట వంగి పని చేస్తున్నట్టే ఉంటది,
నేనొక్కన్నే లేనట్టు."
ఏం చెప్పాలె?
కోసినంక గూడ కొంత మిగిలిందన్నట్టు.

మొన్న వంగూరుల పెండ్లి బరాత్.
డీజే బండి ముందు పోరలు ఎగురుతున్నరు,
డబ్బా దెబ్బకు రేకులు అదురుతున్నయి.
ఈదమ్మ ఆడోళ్ల గుంపుల నడిమిట్ల.
"నీ గొంతే గదనే" అని ఎవరో అంటే
"ఆఁ, గొంతైతే నాదే" అని నవ్వింది,
నవ్వి, తను గూడ చేతులు లేపింది.

పల్లవి అయిపోయింది.
డప్పు ఆగలే, లైట్లు ఆగలే.
ఈదమ్మ కాలు మాత్రం గాలిల ఆగింది,
ఆమె పక్కన పార్వతమ్మది,
ఆ వెనక, ఎన్నేండ్లో ఒకే మడిల దిగిన పదిమందివి,
అన్ని కాళ్లూ ఒక్క తీరుగ, ఒక్క ఊపిరంత ఆలస్యంగ
వెనక్కి పడ్డయి.

డీజే పోరడు ఉలిక్కిపడి
వైరు ఊడిందేమోనని
డబ్బా వెనక చెయ్యి పెట్టి వెతుకుతున్నడు.