ఎడమ మలుపు

థండర్ బే. బయట మైనస్ ఇరవై తొమ్మిది.
లోపల పై వరసలో, చెక్క బెంచీ మీద నేను,
నా ఫ్లాస్కు, నా నోటు పుస్తకం,
సిరా గడ్డకడుతుందని తెచ్చుకున్న రెండు పెన్సిళ్లు.

కింద ఐస్ మీద ఇరవై మంది.
నేను చూసేది ఒక్కణ్ణే.
లోవెల్ ఫెయర్. డిఫెన్స్. ఇరవై ఏళ్ల మీద నాలుగు నెలలు.
పెద్ద లీగ్ వాళ్లు నాకు జీతమిచ్చేది
వీడి ఎడమ మోకాలు ఎంత వంగుతుందో చెప్పడానికి.

మొదటి చలికాలం రాశాను:
"ఎడమకి తిరిగితే తుప్పుపట్టిన తలుపు.
పక్ కాళ్ల దగ్గరికి రాగానే తల దించేస్తాడు,
తగలబోయే దెబ్బకి ముందే క్షమాపణ చెబుతున్నట్టు."
రాసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.
బాగా రాయడమూ సరిగ్గా చూడడమూ ఒకటి కాదని
ఆ రాత్రి మోటెల్లో తట్టలేదు.

రెండో చలికాలానికి మూడంగుళాలు పెరిగాడు.
చేతులకి కొత్త పొడవు తెలీదు, కాళ్లకి కొత్త బరువు తెలీదు.
ఇల్లు మారిన రాత్రి స్విచ్చు కోసం గోడ తడిమేవాడిలా
తన ఒంట్లో తానే తడుముకుంటున్నాడు.
హెడ్డాఫీసు నుంచి ఫోను:
"వెనక్కి పోతున్నాడా?"
"పెరుగుతున్నాడు" అన్నాను.
"మేమడిగింది అది కాదు."

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు.
అన్నవాళ్లు జనవరిలో ఈ సరస్సుని చూసుండరు.
అర్ధరాత్రి ఫెళ్లుమంటుంది, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి.
కొత్తవాళ్లు విరిగిందనుకుని పరిగెడతారు.
మంచుకి బెజ్జం పెట్టి చేపలు పట్టే ముసలాళ్లు
ముక్కు కూడా తిప్పరు.
మందం కడుతోందంటారు.

ఈ పుస్తకంలో ఒక పాత పేజీ ఉంది, చింపలేదు.
ఎలీ బోద్రో, పద్దెనిమిదేళ్లు.
వేగం ఎనిమిది. చేతులు తొమ్మిది. చూపు తొమ్మిది.
అడుగున నా దస్తూరీ: "ఇతని గురించి బెంగక్కర్లేదు."
నిజంగానే ఎవరూ బెంగపడలేదు.
ఇరవై మూడుకి ఆట మానేశాడు.
సడ్‌బరీలో స్కూలు బస్సు నడుపుతున్నాడట,
పిల్లలకి వాడంటే ప్రాణమట. మంచిదే.
తప్పు చేశాక వాడేం చేస్తాడో నేను చూడలేదు.
చూద్దామంటే, ఆ లీగ్‌లో వాడు తప్పే చేయలేదు.

ఇవాళ మూడో పీరియడ్, ఇంకా పదకొండు నిమిషాలు.
నీలిగీత దగ్గర లోవెల్ పక్ పోగొట్టుకున్నాడు.
అవతలివాడు ఒంటరిగా దూసుకెళ్లి కొట్టాడు.
ఓ ఆరువందల మంది ఒక్కసారే మూలిగారు.
గోల్ నేను చూడలేదు. వీడి భుజాలు చూశాను.
గోలీ దగ్గరికెళ్లి ప్యాడ్ మీద కర్రతో రెండుసార్లు తట్టాడు.
బెంచీ మీద కూలబడి, గ్లవ్ తీసి,
గోరు పక్క తోలు పీక్కున్నాడు.
నలభై సెకన్లు.
కోచ్ మళ్లీ దింపాడు.
అదే మూల. అదే మనిషి మీదికొస్తున్నాడు.
ఈసారి తల ఎత్తే ఉంది.
తిరిగాడు,
ఎడమకే.
తుప్పు కొంచెం ఉంది. తలుపు తెరుచుకుంది.

ఫారంలో ఆఖరి గడి: "ఎప్పటికి సిద్ధం?"
ఏడాది రాయాలి, అంకెల్లో.
రాశాను, తుడిచాను, మళ్లీ రాశాను.
కాగితం అక్కడ పల్చబడింది.

పార్కింగులో నా కారు కదలనంది.
తడిజుట్టు కొసల్లో మంచు కట్టి, భుజాన బ్యాగుతో ఒక కుర్రాడు.
నేనెవరో వాడికి తెలీదు.
డిక్కీలోంచి కేబుళ్లు తీశాడు,
ఎరుపు ఎరుపుకి, నలుపు ఇనుముకి తగిలించాడు.
నేను తాళం తిప్పబోయాను.
వాడు చెయ్యెత్తి ఆపాడు.

"అప్పుడే వద్దండీ.
కాసేపు ఎక్కనివ్వండి."