వంటింటి జాలీ

ఆజంజాహి మిల్లుల
తెగిన దారానికి ముడేసిన వేళ్లివి.
దారమంత సన్న బ్లేడు
టప్పున తెగితే ముడి పడదు.
పొద్దుగాల్ల సంది ఇది మూడోది.

టేకు పలక మీద పెన్సిల్ తీగ.
ఆకు ఆకుకూ బొక్క పొడిచి,
బ్లేడు దూర్చి, బిగించి...
రంపం ఒక్కకాడనే ఎగురుతది,
చెక్కనే తిప్పాలె.
మూల మలుపుల ఊపిరి బిగవట్టుడు.

ఏడో ఆకు కాడ చెయ్యి జారింది.
తొడిమె ఇరిగి ఒళ్లె పడ్డది.

"పారెయ్యకు" అన్నది కొంరవ్వ,
మాడిన ఎండుమిర్చికి
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని.
"పొగకు పువ్వులెందుకు? తొవ్వ గావాలె గని."

గిర్మాజిపేట ఇంట్ల, వెంటిలేటర్‌కు
నాలుగు మొలలు కొట్టిన.

పొగ ముందుగాల
ఆ ఇరిగిన ఆకు సందుకెల్లే పోయింది.

కొంరవ్వ అటు సూడలే.
ఉప్పు డబ్బా అందియ్యుమన్నది.