రెండుకు దించు, మూడుకు గుంజు

కల్వకుర్తిల, అచ్చంపేట రోడ్డు మీద
నా షాపు బోర్డుకు
సబ్‌మెర్సిబుల్ అని రాయమంటె
‘సబ్‌మెరైన్ మోటార్లు రిపేరు చేయబడును’
అని రాసిండు పెయింటర్ జహంగీర్.
దిద్దుతనని మల్ల నిచ్చెనెక్కబోయిండు.
ఉండనీ, అన్న.
వాడు తెలువక రాసింది
నేను తెలిసీ చెప్పుకోనిదే.

పందొమ్మిదేండ్ల కొలువు, నీళ్ళ కింద.
రష్యావాళ్ళ పాత బోటు. విశాఖపట్నం.
ఇంజన్ల రొదల మనిషి నోరు కదిలితె
చేప నోరు కదిలినట్టే.
అందుకే హారన్.
రెండుసార్లు మొత్తుకుంటె మునుగుడు.
మూడుసార్లయితె తేలుడు.
ఆగకుండ మోగితె
ఏం అడుగొద్దు, పక్క మీదికెల్లి దుంకి
నీ జాగల నువ్వు నిలబడాలె.

ఎట్ల యాదుంచుకుంటవురా, అని
తొలిదినమే అడిగిండు చీఫ్ నేగీ, కొండలాయన.
నవ్వొచ్చింది.
పాలు మరువకముందే నేర్చిన లెక్క అది.

మా నాయిన ఓర్సు బొజ్జన్న
బాయిలు తవ్వేటోడు.
పన్నెండు మట్ల లోతుకెల్లి కేక పైకి రాదు,
రాతికి తగిలి పగులుతది.
గడ్డపారతోని ఇనుప తొట్టిని కొట్టెటోడు.
రెండుకు దించు. మూడుకు గుంజు.
పైన గిలక కాడ మోకు పట్టినోల్లల్ల అమ్మ ముందు,
రాళ్ళ కుప్ప మీద నేను.
తూటాకు ఒత్తి అంటిచ్చినంక
ఆ మూడు దెబ్బలు ఎంత జల్ది పడేవో!
అమ్మ అరచేతుల మోకు గీతలు
జోస్యం చెప్పెటోనికి సుత చదవరాలే.

తేలుడంటె సినిమాల చూపినట్టు కాదు.
ముందు ఆగాలె. నాలుగు దిక్కుల చెవొగ్గాలె,
నెత్తి మీద ఏ ఓడన్న ఉన్నదా అని.
పెరిస్కోపు చుట్టు తిప్పి చూడాలె.
అప్పుడు ట్యాంకులల్లకు గాలి వదిలితె
నీళ్ళు బుసకొట్టుకుంట ఎళ్ళిపోతయి,
ముక్కు లేస్తది,
చాయి గిలాసలు అలుమారల జారి మోగుతయి.

పైకొచ్చినంక సుత మూత తియ్యొద్దు.
లోపటి గాలి బిగుసుకొని ఉంటది.
బిరాన తీసినోన్ని
ఆ గాలే ఎత్తి సముద్రంల పారేస్తది.
అందుకని మూత తిప్పెటోని కాళ్ళు
కిందోడు గట్టిగ కావలిచ్చుకోవాలె.
చానాసార్లు ఆ కిందోన్ని నేనే.
నేగీ బూట్ల మడిమెలు ఛాతిల గుచ్చుకునేవి.
పైన ఈల లెక్క గాలి,
చెవులు టప్పుమనుడు,
ఉప్పు చుక్కలు,
చారెడు ఆకాశం.
బాయిలకెల్లి కనపడేటంతే, అచ్చం.

తూటాలకు నాయిన చెవులు పొయినయి.
లీవుల ఇంటికొస్తె
మంచం పట్టె మీద మూడు కొట్టేది.
కట్టెలకెల్లి ఒంట్లకు పాకేది,
లేసి కూసునేటోడు. అన్నం తినెటోడు.

ఆ ఎండకాలం
పాలమూరు దవాఖానోల్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు.
మూడు కొట్టిన.
కండ్లు తెరిచిండు గని లేవలే.
మల్ల కొట్టిన.
నా మణికట్టు దొరకబట్టి
వేలుతోని నిమ్మళంగ కొట్టిండు.
ఒకటి.
రెండు.
మూడోదానికి చూసిన.
అమ్మకు ముందు సమజైంది.
దించమంటుండురా, అన్నది.

గొంగడి పరిచి
మంచం మీదికెల్లి భూమ్మీదికి దించినం.
తల అమ్మ పట్టింది.
నేను కాళ్ళు పట్టుకున్న.
గట్టిగనే పట్టుకున్న.

వెల్దండ రైతు ఒకాయన
మోటర్ ఎప్పుడిస్తవని అరుస్తుండు.
ఏడువందల ఫీట్లల్ల కాలిందట.
వైండింగు మాడిన వాసన.
బోటుల గూడ అన్నిటికన్న ముందు మోగేది ముక్కే.
రేపు పొద్దుగాల రా, అన్న.
దించేటప్పుడు నన్ను పిలువు,
పైపుకు చెవి పెట్టి వింట.